పెల్లెట్ పొడిగా, పొగ పల్చగా: పెరట్లో చెక్క పెల్లెట్లతో వంటకి పొగ పట్టించడం

(డాలస్ చుట్టుపక్కల ఉండే తెలుగు కుటుంబాలు కలిసిన ఒక వంటల కార్యక్రమంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ల కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారమండి. వెనక వరుసలో వాళ్లకి వినిపిస్తోందా? సరే, అయితే మొదలుపెడదాం.

ఇక్కడున్నవాళ్లలో కొందరి పెరట్లో పెల్లెట్ గ్రిల్ ఉంటుంది. కొందరి దగ్గర మామూలు గ్యాస్ గ్రిల్ ఉంటుంది. ఇద్దరికీ పనికొచ్చే మాటలే చెప్తాను. పెల్లెట్లతో పొగ పట్టించేవాళ్ల నోట ఎక్కువగా రెండు మాటలు వినిపిస్తాయి. "ఎంతసేపు పెట్టినా పొగ వాసనే పట్టలేదండి" అని ఒకటి. "చేదొచ్చిందండి, పిల్లలు ముట్టుకోలేదు" అని రెండోది. మొదటిది పొగ చాలక, రెండోది పొగ ఎక్కువై అనుకుంటాం. నేను కాదంటాను. రెండిటికీ కారణం నిప్పు దగ్గరే ఉంది. పెల్లెట్ పొడిగా ఉందా? నిప్పుకి గాలి ఆడుతోందా? ఈ రెండు ప్రశ్నలూ ఇవాళ చాలాసార్లు అడుగుతాను, విసుక్కోకండి.

ముందు ఈ పెల్లెట్ ఏమిటో చూద్దాం. తలా రెండు మూడు చేతిలోకి తీసుకోండి, ఆ గిన్నె అటు పంపించండి. చెక్కపొట్టుని ఆరబెట్టి, మెత్తగా నలగ్గొట్టి, చిన్న చిన్న కన్నాలున్న ఇనుప అచ్చులోంచి బలంగా నెడతారు. ఆ ఒత్తిడికి, ఆ రాపిడి వేడికి, చెక్కలో ఉండే లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి పొట్టుని పట్టి ఉంచుతుంది. వేరే జిగురేమీ అక్కర్లేదు. సుమారు 6 మిల్లీమీటర్ల లావు, ఒకటి నుంచి మూడు సెంటీమీటర్ల పొడవు. మంచి పెల్లెట్‌లో తేమ 5 నుంచి 8 శాతం మధ్య ఉంటుంది, 10 దాటకూడదు.

ఆ లిగ్నిన్‌ని గుర్తుపెట్టుకోండి. మనం ఇష్టపడే పొగ వాసన ఎక్కువగా అందులోంచే వస్తుంది. అది వేడికి విడిపోయినప్పుడు గ్వాయకాల్, సిరింగాల్ అనే పదార్థాలు పుడతాయి. పొగ పట్టిన వాసనంటే ముఖ్యంగా అవే. చెక్కలో మిగిలిన భాగం, అంటే సెల్యులోజు, హెమీసెల్యులోజు, తియ్యటి వాసననీ, మాంసం మీద ఆ బంగారు గోధుమ రంగునీ ఇస్తాయి.

ఇప్పుడు మీ చేతిలో ఉన్నదాన్ని విరవండి. టక్కున విరిగిందా? విరిగిన చోట నున్నగా, గట్టిగా ఉందా? అది పొడి పెల్లెట్. వంగి, పొట్టు రాలుతూ విడిపోతే చెమ్మ పట్టింది. పెల్లెట్ అప్పడం లాంటిదండి, గాలి తగిలేలా వదిలేస్తే మెత్తబడిపోతుంది. ఇంకో పరీక్ష: ఒక గ్లాసు నీళ్లలో నాలుగు పెల్లెట్లు వేసి చూడండి. కొద్ది నిమిషాల్లో ఉబ్బి, విడిపోయి పొట్టు అయిపోతాయి. అంత తొందరగా నీళ్లు పీల్చే వస్తువుని గరాజ్‌లో సంచీ మూతి తెరిచి పెడితే ఏమవుతుంది? వాన పడిన వారం తర్వాత మీ గ్రిల్ ఎందుకు మొరాయిస్తోందో ఇక నన్నడగక్కర్లేదు. మూత బిగుతుగా పట్టే ఐదు గాలన్ల బకెట్ కొనుక్కోండి, 20 పౌండ్ల సంచీ సుమారుగా అందులో సరిపోతుంది. హ్యూస్టన్ లాంటి ఉక్కపోత ఊళ్లో ఉండేవాళ్లు వంటయ్యాక హాపర్‌లో, అంటే గ్రిల్ పక్కన పెల్లెట్లు పోసే డబ్బాలో, మిగిలినవి కూడా బకెట్‌లోకి తీసేయండి. చిన్న పని, కానీ సగం తలనొప్పి పోతుంది.

కొనేటప్పుడు సంచీ మీద ఏం చూడాలి? "వంటకి" అని రాసి ఉండాలి. అంతే కాదు, ఏ చెక్కో రాసి ఉండాలి. ఇళ్లు వెచ్చబెట్టే స్టవ్‌ల కోసం అమ్మే పెల్లెట్లు చవగ్గా ఉంటాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వాటిలో పైన్, ఫర్ లాంటి బంకకారే చెట్ల చెక్క ఉండొచ్చు. ఆ బంక కాలితే నల్లటి మసి, చేదు. పైగా అవి తిండి కోసం తయారుచేసినవి కావు, దేనితో కలిపారో మనకి తెలీదు. పిల్లుల ట్రేలో వేసే పైన్ పెల్లెట్లు కూడా ఇలాగే ఉంటాయి. రెండూ వంటకి వద్దు.

ఇంకో విషయం. "చెర్రీ", "యాపిల్" అని పెద్ద అక్షరాలతో రాసిన సంచీల్లో చాలావాటిలో ఎక్కువ భాగం ఓక్ గానీ ఆల్డర్ గానీ ఉంటుంది, పేరున్న చెక్క కొంతే కలుపుతారు. కొన్నిట్లో వాసన నూనె చల్లుతారు. అది మోసమని నేననను, ఓక్ నిలకడగా వేడినిస్తుంది. కానీ చెర్రీకి ఎక్కువ డబ్బు పెడుతున్నప్పుడు, 100 శాతం చెర్రీ అని ఉందో లేదో వెనక్కి తిప్పి చదవండి.

ఇక పెల్లెట్ గ్రిల్ సంగతి. ఇది ఒరెగాన్‌లో పుట్టింది. మౌంట్ ఏంజెల్ అనే చిన్న ఊళ్లో ఇళ్లు వెచ్చబెట్టే పరికరాల వ్యాపారం చేసే కుటుంబంలోని జో ట్రేగర్, పెల్లెట్లతో ఇల్లు వెచ్చబెట్టే పద్ధతినే గ్రిల్‌కి పెట్టాడు. 1986లో పేటెంట్ వచ్చింది. 2006లో ఆ పేటెంట్ గడువు తీరాక మిగతా కంపెనీలన్నీ వచ్చాయి. అందుకే మీ గ్రిల్ ఏ కంపెనీదైనా లోపలి అమరిక దాదాపు ఒకటే.

పక్కన పెల్లెట్లు పోసే డబ్బా, అది హాపర్. దాని అడుగున మెల్లగా తిరిగే మర, ఆగర్. అది పెల్లెట్లని కొద్దికొద్దిగా గ్రిల్ మధ్యలో ఉన్న చిన్న ఇనుప గిన్నెలోకి తోస్తుంది. ఆ గిన్నె పేరు ఫైర్ పాట్. అందులోకి పొడుచుకొచ్చిన వేడి కడ్డీ, హాట్ రాడ్, మొదటి నాలుగైదు నిమిషాల్లో పెల్లెట్లని అంటిస్తుంది. తర్వాత దానికి పనిలేదు. ఫ్యాన్ గిన్నె కన్నాల్లోంచి గాలి ఊదుతుంది. గిన్నె మీద ఇనుప రేకు, దాని మీద కొవ్వు జారిపోయే వాలు ట్రే, ఆ పైన మీ మాంసం. గోడకి ఒక థర్మామీటర్ పుల్ల ఉంటుంది. కంట్రోలర్ ఆ పుల్లని చూస్తూ ఆగర్‌ని తిప్పుతూ, ఆపుతూ ఉంటుంది. వేడి తగ్గితే ఎక్కువ పెల్లెట్లు, పెరిగితే తక్కువ.

ఇందులో పొగ ఎక్కడుంది? ఇదే అసలు ప్రశ్న. మీరు 225 డిగ్రీల ఫారన్‌హీట్ పెడితే, అంటే 107 సెల్సియస్, నిప్పు చిన్నది. కాస్త పెల్లెట్ పడుతుంది, కాస్త కుములుతుంది, మళ్లీ రాజుకుంటుంది. ఆ కుమిలే ఘడియల్లో పొగ పుడుతుంది. 350 పెట్టారనుకోండి, మంట భగభగ మండుతుంది, చెక్క దాదాపు పూర్తిగా కాలిపోతుంది, పొగ మిగలదు. "350లో గంటసేపు పెట్టాను, పొగ వాసన రాలేదు" అంటే మరి ఎలా వస్తుందండి? అది ఓవెన్. పొగ కావాలంటే మొదటి గంటా గంటన్నరా తక్కువ వేడిలోనే ఉండాలి. మాంసాన్ని ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా గ్రిల్ మీద పెట్టండి. చల్లగా, కొంచెం తడిగా ఉన్న ఉపరితలం మీద పొగ బాగా పట్టుకుంటుంది. వేడెక్కి ఎండిపోయాక అంతగా పట్టదు. ఫాయిల్‌లో చుట్టేశాక అసలు పట్టదు.

గ్రిల్ మొదలుపెట్టినప్పుడు పది నిమిషాల పాటు దట్టంగా తెల్లటి పొగ వస్తుంది. అది చూసి "అబ్బ, ఎంత పొగో" అని మాంసం లోపల పెట్టేస్తారు. వద్దండి, దయచేసి వద్దు. ఆ తెల్ల పొగ అంటే చెక్క సరిగా కాలడం లేదని అర్థం. అందులో నీటి ఆవిరి, తారు తుంపరలు ఉంటాయి. ఆ తారు మాంసం మీద పేరుకుంటే చేదు. పొగ పల్చబడి, లేత నీలిరంగులోకి తిరిగి, ఒక్కోసారి కంటికి సరిగా కనబడనంతగా అయ్యేదాకా ఆగండి. ముక్కుతో చూడండి. గ్రిల్ గొట్టం దగ్గర తియ్యటి చెక్క వాసన వస్తే పెట్టొచ్చు. ముక్కు మండితే, కళ్లు మండితే, ఇంకా ఆగాలి. కనబడే పొగని కాదు, వాసననే నమ్మాలి.

ఇప్పుడు తేడా చేసే చోట్లు చూద్దాం. కాస్త ఎక్కువసేపు చెప్తాను, ఎందుకంటే ఇందులో ప్రమాదం కూడా ఉంది.

వంట మధ్యలో మంట ఆరిపోయింది. వేడి పడిపోతోంది. కంట్రోలర్‌కి ఏం తెలుస్తుంది? వేడి తగ్గింది, ఇంకా పెల్లెట్లు వెయ్యాలి అని మాత్రమే తెలుస్తుంది. వేస్తూనే ఉంటుంది. ఫైర్ పాట్ నిండి పొర్లుతుంది. మీరు వచ్చి చూసి, ఆపి, మళ్లీ స్విచ్ నొక్కుతారు. హాట్ రాడ్ ఎర్రబడుతుంది, గిన్నెడు పెల్లెట్లు కుములుతాయి, గ్రిల్ నిండా మండే వాయువులు చేరతాయి, ఒక్కసారిగా అంటుకుంటాయి. మూత ఎగిరిపడుతుంది. ఇది నిజంగా జరిగే విషయం. అందుకని మంట ఆరిపోతే మళ్లీ నొక్కకండి. ప్లగ్ తీసేయండి. చల్లారనివ్వండి. జాలీ, ట్రే, రేకు పైకి తీసి ఫైర్ పాట్‌లోని పెల్లెట్లన్నీ తోడేయండి. తర్వాత మూత తెరిచి ఉంచి కొత్తగా మొదలుపెట్టండి. ఎప్పుడు మొదలుపెట్టినా, మంట అంటుకునేదాకా మూత తెరిచే ఉంచమని చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది. మీ పుస్తకం ఎలా చెప్తే అలా చేయండి.

అసలు మంట ఎందుకు ఆరింది? మూడు కారణాల్లో ఒకటి. పెల్లెట్లు చెమ్మగా ఉన్నాయి. లేదా ఫైర్ పాట్ కన్నాలు బూడిదతో మూసుకుని గాలి ఆడటం లేదు. లేదా హాపర్‌లో పెల్లెట్ల మధ్య సొరంగం పడింది: ఆగర్ పైన ఉన్నవి జారిపోయాయి, పక్కనున్నవి గోడకి అంటుకుని నిలబడిపోయాయి, చూడ్డానికి హాపర్ నిండుగానే ఉంటుంది గానీ మరకి ఏమీ అందడం లేదు. పొడవాటి వంటల్లో గంటన్నరకోసారి హాపర్‌లో చెయ్యి పెట్టకుండా ఒక కర్రతో కదపండి. చెయ్యి వద్దు, అడుగున మర తిరుగుతోంది.

బూడిద సంగతి: మంచి పెల్లెట్లు చాలా తక్కువ బూడిదనిస్తాయి, ఒక శాతం లోపే. అయినా సుమారు 40 పౌండ్లు కాల్చాక ఫైర్ పాట్‌నీ, అడుగునీ శుభ్రం చెయ్యండి. పూర్తిగా చల్లారాక, మర్నాడు చెయ్యండి. బూడిదలో దాగిన నిప్పుకణం వ్యాక్యూమ్ సంచీని అంటించేస్తుంది.

ఆగర్ బిగుసుకుపోతే? చెమ్మ పట్టిన పెల్లెట్లు ఉబ్బి, పొట్టయి, మళ్లీ ఎండి సిమెంటులా గట్టిపడతాయి. అది పట్టిందంటే గొట్టం విప్పి గీకడమే మార్గం. దానికంటే సంచీ అడుగున మిగిలే పొడిని హాపర్‌లో పొయ్యకపోవడం సులువు. ఒక జల్లెడలో వేసి దులిపి పోయండి.

వంటయ్యాక ప్లగ్ పీకేయకండి. షట్ డౌన్ నొక్కండి. ఫ్యాన్ ఇంకా పది నిమిషాల దాకా తిరిగి గిన్నెలో మిగిలినవి కాల్చేస్తుంది. అలా వదలకుండా కరెంటు తీసేస్తే, గిన్నెలో కుములుతున్న నిప్పు ఆగర్ గొట్టంలోంచి వెనక్కి పాకి హాపర్ వైపు పోవచ్చు. వాన తర్వాత ప్లగ్ పెట్టగానే గోడలోని సేఫ్టీ స్విచ్ టక్‌మని పడిపోతోందా? చాలామట్టుకు హాట్ రాడ్‌లో చెమ్మ, లేదా దాని ఆయుష్షు అయిపోయింది. అది మార్చగలిగే భాగమే.

సరే. గ్యాస్ గ్రిల్ వాళ్లు చాలాసేపటి నుంచి ఓపిగ్గా కూర్చున్నారు. మీ కోసం ఇది.

ఇది పెల్లెట్ ట్యూబ్. స్టెయిన్‌లెస్ స్టీలు గొట్టం, ఒంటినిండా కన్నాలు, ఒక కొస మూసి, ఒక కొస తెరిచి ఉంటుంది. 12 అంగుళాలది నింపితే మూడు నాలుగు గంటలు పొగ వస్తుంది. 6 అంగుళాలది అందులో సగం అనుకోండి. కరెంటు లేదు, మర లేదు. పెల్లెట్ గ్రిల్ వాళ్లు కూడా ఒకటి కొనుక్కోండి. "పొగ చాలలేదు" అనే మాటకి దీన్ని గ్రిల్‌లో ఒక మూల పెట్టడమే సరైన మందు.

వెలిగించడం దగ్గరే అందరూ తొందరపడతారు. చూడండి. ట్యూబ్‌ని నింపాను, పైన ఒక అంగుళం వదిలాను. నేలకేసి మెల్లగా తట్టాను, సర్దుకోవడానికి. గట్టిగా కూరలేదు, కూరితే మధ్యలో గాలి ఆడదు. తెరిచిన కొస కొంచెం పైకి ఉండేలా నిలబెట్టాను. ఇప్పుడు బ్యూటేన్ టార్చ్. పైనున్న పెల్లెట్ల మీద మంట ఒక నిమిషం, నిండా ఒక నిమిషం, పట్టుకోండి. టార్చ్ తీశాక కూడా పెల్లెట్లు తమంతట తాము మండాలి. ఇప్పుడే ఊదెయ్యకండి. ఐదు నుంచి పది నిమిషాలు అలా మండనివ్వండి. పైన ఎర్రటి నిప్పు ఒక అంగుళం లోతుకి దిగాలి. పక్కనున్న కన్నాల్లోంచి చూస్తే ఎర్రగా కనబడుతుంది. అప్పుడు ఊది మంట ఆర్పండి. పొగ మొదలవుతుంది. ట్యూబ్‌ని పడుకోబెట్టి గ్రిల్‌లో పెట్టండి. నిప్పు ఆ కొస నుంచి ఈ కొసకి మెల్లగా పాకుతుంది.

అరగంటలో ఆరిపోయిందా? మళ్లీ నా రెండు ప్రశ్నలు. పెల్లెట్ పొడిగా ఉందా? నిప్పుకి గాలి ఆడుతోందా? చెమ్మ అనుమానం ఉంటే పెల్లెట్లని మైక్రోవేవ్‌లో, పల్చగా పరిచి, ఒక నిమిషం వేడిచేసి ఆవిరి పోనివ్వండి. దగ్గరే నిలబడండి, ఎక్కువసేపైతే లోపలే అంటుకుంటుంది. గాలి సంగతైతే గ్రిల్ మూత కింద ఒక చిన్న చెక్కముక్క పెట్టి అంగుళం సందు వదలండి. ట్యూబ్‌ని మండుతున్న బర్నర్ మీద పెట్టకండి. పెల్లెట్లన్నీ ఒకేసారి అంటుకుని అరగంటలో అయిపోతాయి. ఒక పక్క బర్నర్ వెలిగించి, ట్యూబ్ దాని పక్కన, మాంసం రెండో పక్కన.

ఇప్పుడు ఏం పెట్టాలి? చలి పొగా, వేడి పొగా అని రెండు దారులు. చలి పొగ అంటే బర్నర్ వెలిగించకుండా, ట్యూబ్ పొగ మాత్రమే. లోపల 90 ఫారన్‌హీట్ దాటకూడదు. దీనికి పనికొచ్చేవి చీజ్, నెయ్యి, ఉప్పు, ఎండుమిరపకాయలు. చికెన్, మటన్, చేప పచ్చివి చలి పొగలో పెట్టకండి. గంటల తరబడి గోరువెచ్చగా ఉండటమంటే క్రిములకి పండగ. పైగా గాలి తక్కువైన చోట బొటులిజం (తిండిలో పుట్టే ప్రాణాంతకమైన విషం) లాంటి ప్రమాదం ఉంటుంది. వాటికి క్యూరింగ్ ఉప్పు (మాంసం చెడకుండా వాడే నైట్రైట్ కలిపిన ఉప్పు), కొలతలు, వేరే చదువు కావాలి. ఇంట్లో వద్దు.

చీజ్ అయితే డిసెంబర్, జనవరి సాయంత్రాలు చేయండి. ఇక్కడి జులైలో కరిగిపోతుంది. చెడ్డార్ దిమ్మని అరకిలో లోపు ముక్కలుగా కోసి, గంటసేపు బయట ఉంచి, తడి తుడిచి పెట్టండి. రెండు గంటలు, మధ్యలో ఒకసారి తిప్పండి. అప్పుడే తినకండి! బూడిద రుచిగా, ఘాటుగా ఉంటుంది. కాగితంలో చుట్టి ఒక రాత్రి, తర్వాత గాలి చొరకుండా సంచీలో వేసి ఫ్రిజ్‌లో రెండు వారాలు. పైన ఉన్న పొగ లోపలికి దిగి సమానమవుతుంది. ఈ రెండు వారాలే దాని రుచి.

నెయ్యికి అంత ఓపిక అక్కర్లేదు. కొవ్వు పొగని తొందరగా పీల్చుకుంటుంది. వెడల్పాటి పళ్లెంలో అంగుళంలో నాలుగోవంతు మందాన కరిగిన నెయ్యి పోసి, 30 నుంచి 45 నిమిషాలు. మధ్యలో ఒకసారి కలపండి. పప్పులో ఒక చెంచా చాలు. ఎండుమిరపకాయలు జల్లెడ మీద పరిచి రెండు గంటలు. గుంటూరు మిరపకాయలతో చేసి కారం కొడితే ఇడ్లీ మీద వేరే లోకం. ఒక్క జాగ్రత్త, ట్యూబ్‌కి దూరంగా పెట్టండి. మిరపకాయ మాడితే పెరట్లో ఎవరూ నిలబడలేరు. రాళ్ల ఉప్పు అరంగుళం మందాన, నాలుగు గంటలు, గంటకోసారి కలుపుతూ.

వేడి పొగలోకి వద్దాం. చికెన్ తొడలు: కిలోకి 15 గ్రాముల ఉప్పు, మీ మసాలా, ఫ్రిజ్‌లో ఒక రాత్రి. పెరుగు మసాలా అయితే కారుతున్నంత ఉంచకుండా తుడిచేయండి. 225లో ఒక గంట, ఇది పొగ కోసం. తర్వాత 400కి పెంచండి, ఇది తోలు కోసం. 225లోనే మొత్తం వండితే తోలు రబ్బరులా సాగుతుంది, అది అందరికీ తెలిసిన బాధే. లోపల 165 వస్తే తినడానికి క్షేమం, కానీ తొడ మాంసానికి 180 దాకా వెళ్లనివ్వండి, ఎముక దగ్గర నరాలు మెత్తబడతాయి. రొమ్ము ముక్కకి మాత్రం 165 చాలు.

మేక తొడ, మన ఇంటి పెద్ద వంట ఇది. ఎముకతో ఐదు పౌండ్లది తీసుకోండి. మేక మాంసంలో కొవ్వు తక్కువ, గొర్రెలా తనని తాను తడుపుకోదు. అందుకని బయట నెయ్యి పట్టించండి. 250లో మూడున్నర గంటల దాకా, లోపల 160 వచ్చేదాకా తెరిచే వండండి. అక్కడ ఒక్కోసారి గంటసేపు వేడి కదలదు. గ్రిల్ పాడైందని భయపడకండి. మాంసంలోంచి చెమట పట్టి ఆరుతూ చల్లబరుస్తోంది, అంతే. వేడి పెంచకండి. రంగు వచ్చాక రెండు చెంచాల నెయ్యి, కాస్త ఉల్లిపాయ, పావు కప్పు నీళ్లు వేసి ఫాయిల్‌లో గట్టిగా చుట్టి మళ్లీ పెట్టండి. 200 వచ్చేసరికి గట్టి నరాలు కరిగి, పుల్ల దిగితే అడ్డు తగలదు. ఇంకో రెండు మూడు గంటలు పట్టొచ్చు. గడియారం చూసి దించకండి, థర్మామీటర్ చూసి దించండి. తర్వాత ఒక గంట చుట్టి ఉంచండి. ఫాయిల్‌లో మిగిలిన రసాన్ని పారబోయకండి, బిరియానీ అడుగుకి, పులుసుకి దానికి మించింది లేదు.

చేపకి సాల్మన్, క్యాట్‌ఫిష్ బాగుంటాయి, టిలాపియా ఎండిపోతుంది. లీటరు నీళ్లకి 70 గ్రాముల ఉప్పు, 35 గ్రాముల బెల్లం, అంగుళం మందం ముక్కలు మూడు గంటలు ఫ్రిజ్‌లో. కడిగి, తుడిచి, జాలీ మీద మూత లేకుండా ఒక రాత్రి ఫ్రిజ్‌లోనే. పొద్దున వేలు పెడితే అంటుకున్నట్టు జిగటగా ఉండాలి. ఆ పొర మీదే పొగ నిలుస్తుంది. 180లో మొదలుపెట్టి 225కి తీసుకెళ్లండి, లోపల 145 రావాలి. పైన తెల్లటి ముద్దలు వస్తున్నాయంటే వేడి తొందరగా పెరిగిందని అర్థం.

ఒక్క హెచ్చరిక, ఇందులో మొహమాటం లేదు. ఇవేవీ ఇంట్లో గానీ, గరాజ్‌లో గానీ, తలుపు తెరిచి ఉన్నా సరే, వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో గ్రిల్ పెట్టకూడదని, గోడకి పది అడుగుల దూరం ఉండాలని చాలాచోట్ల ఫైర్ కోడ్ ఉంది. మీ లీజు కాగితం చదవండి. ట్యూబ్‌ని ఆరిపోయిందనుకుని చెత్తబుట్టలో దులపకండి. నీళ్ల బకెట్‌లో దులపండి.

ఇక ప్రశ్నలు. ఆ, అమ్మా, చెప్పండి. మాంసం తినని వాళ్లకి? మంచి ప్రశ్న. వంకాయని నిలువునా రెండు చేసి, ఉప్పు రాసి, 225లో ముప్పావుగంట పొగ, తర్వాత 400లో మెత్తబడేదాకా. నేరుగా 400లో పెడితే ఉడుకుతుంది గానీ పొగ పట్టదు. టమాటాలు సగానికి కోసి, కోసిన వైపు పైకి, 225లో గంటన్నర. ఈ రెండూ కలిపి పచ్చడి చేయండి. పోపులో ఇంగువ తగ్గించండి, పొగ వాసనతో పోటీ పడుతుంది. పనీర్ కూడా గంటసేపు, కరగదు కాబట్టి భయం లేదు.

హైదరాబాదు వంటల్లో నిప్పు మీద నెయ్యి వేసి మూత పెడతాం కదా, దానికీ దీనికీ తేడా ఏమిటని అడుగుతున్నారు. అక్కడ పొగ ఎక్కువగా నెయ్యి కాలిన పొగ. ఐదు పది నిమిషాల్లో పైపైన పట్టుకుంటుంది. ఇది చెక్క పొగ, గంటల తరబడి నెమ్మదిగా. ఒకదాని బదులు ఇంకొకటి కాదు. పొగ పట్టించిన మేక తొడతో బిరియానీ చేసేటప్పుడు మళ్లీ బొగ్గు పెట్టక్కర్లేదు.

విజయవాడలో అమ్మానాన్నలకి పంపాలంటే? ట్యూబ్ పంపండి, టార్చ్ అక్కడే కొనుక్కుంటారు. పెల్లెట్లే జాగ్రత్త. అక్కడ బాయిలర్ల కోసం అమ్మే పెల్లెట్లు వేరుశనగ తొక్కతో, వరిగడ్డితో, సా మిల్లు పొట్టుతో చేస్తారు. ఆ పొట్టులో ప్లైవుడ్ జిగురు కలిసి ఉండొచ్చు. అవి ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. వంటకని రాసిన సంచీ దొరక్కపోతే, రంగూ వార్నిషూ తగలని, బాగా ఎండిన మామిడి చెక్కని చిన్న చిన్న ముక్కలు చేసి ట్యూబ్‌లో వేయండి. పెల్లెట్లంత నిలకడగా కాలవు, మధ్యలో మళ్లీ వెలిగించాల్సి రావచ్చు. మేడ మీదే చేయమనండి, వంటింట్లో కాదు.

చివరి ప్రశ్న, ట్యూబ్ ఎలా కడగాలి. కడగక్కర్లేదు. లోపల నల్లటి తారు పేరుకుంటే ఖాళీ ట్యూబ్‌ని టార్చ్‌తో కాల్చి, చల్లారాక తట్టి దులపండి. కన్నాలు మూసుకుపోతే కబాబ్ పుల్లతో ఒక్కొక్కటీ పొడవండి. అవి మూసుకుంటే గాలి ఆడదు. ఒకవేళ కడిగారా, పూర్తిగా ఆరేదాకా పెల్లెట్లు పోయకండి.